మారిషస్ చూడకుండా ఈ నవల రాయలేనా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 38 ఏళ్ళు. టెక్కలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. మా తాతగారి తాతకి అప్పన్న అని ఒక తమ్ముడు ఉండేవాడట. కరువు రోజుల్లో ఓడెక్కి మారిషస్ చెరుకు తోటల్లో పనికి పోయాడు, మళ్ళీ రాలేదు. ఆయన కథనే రెండేళ్ళుగా నవలగా రాస్తున్నాను. ఓడెక్కేదాకా 120 పేజీలు సాఫీగా వచ్చాయి. దిగిన చోట కలం ఆగిపోయింది. అక్కడి నేల ఎలా ఉంటుందో తెలియకుండా ఏం రాసినా అబద్ధం చెప్తున్నట్టే ఉంది. వేసవి సెలవుల్లో మూడు వారాలు వెళ్ళిరావాలని ఉంది. మా వారు వెళ్ళమన్నారు గాని ఆయనకి సెలవు దొరకదు. మా అత్తగారు 'కథ రాయడానికి దేశంకాని దేశం ఒక్కదానివే పోవాలా?' అంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. హైదరాబాద్ కూడా ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళలేదు. అక్కడ తెలిసినవాళ్ళు లేరు, ఫ్రెంచి రాదు. అంత డబ్బు పోసి వెళ్ళాక ఏమీ దొరక్కపోతే? వెళ్ళమంటారా, ఉన్నదానితో రాసుకోమంటారా?
– పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: వెళ్ళండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఈ మాట చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు. ఓడెక్కేదాకా 120 పేజీలు నడిచి, దిగిన చోట ఆగిందంటే మీకు రాయడం రాక కాదు. టెక్కలి ఎండ మీ ఒంటికి తెలుసు, అక్కడి ఎండ తెలియదు. ఆ లోటు ఎక్కడుందో మీరే పట్టుకున్నారు. చాలామంది పట్టుకోరు. నాలుగు ఫొటోలు చూసి రాసేస్తారు, చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

నేనూ కొన్నేళ్ళ కిందట ఒక నవల పని మీద ఆ దీవిలో ఐదు వారాలు ఒంటరిగా ఉన్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. నేను చేసిన పెద్ద తప్పు ముందే చెప్తాను. మొదటి పది రోజులూ ఇక్కడ మా ఇంట్లో కూర్చుని చదవగలిగినవే అక్కడ కూర్చుని చదివాను. తేదీలు, చట్టాలు, జీతాల లెక్కలు. వాటికోసం విమానం ఎక్కనక్కర్లేదు. పుస్తకాల్లోనూ, స్కాన్ చేసి పెట్టిన పాత రిపోర్టుల్లోనూ దొరికేదంతా టెక్కలిలోనే చదివేయండి. అక్కడికి మాత్రం వాటిలో దొరకనిదాని కోసం వెళ్ళండి.

ముందు అప్పన్న ఏ సంవత్సరంలో వెళ్ళాడో తేల్చుకోవాలి. మీ ఇంట్లో 'కరువు రోజుల్లో' అనే చెప్పుకుంటున్నారు. మీ ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. పాత కాగితాల్లో శ్రీకాకుళం అని వెతికితే దొరకదు, గంజాం అని, చికాకోల్ (శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్ళు పిలిచిన పేరు) అని వెతకాలి. గంజాంలో 1866లో పెద్ద కరువు వచ్చింది, ఒరిస్సాని ఊడ్చిపెట్టిన కరువు అదే. 1889లో ఇంకోటి వచ్చింది. ఈ రెండింట్లో ఏది తీసుకుంటారన్నదాన్ని బట్టి మీ నవల రెండో సగం మొత్తం మారిపోతుంది.

1866లో ఓడెక్కితే, అప్పన్న దిగేసరికి దీవి మలేరియాతో అల్లాడుతూ ఉంటుంది. 1866-68 మధ్య వచ్చిన ఆ జ్వరాలకి హడలిపోయి పోర్ట్ లూయీ పట్నంలో కలిగినవాళ్ళు చల్లటి ఎత్తు ప్రాంతాలకి తరలిపోయారు. ఆకలి తప్పించుకుని వచ్చినవాడు జ్వరాల్లో దిగాడన్నమాట. ఆ వెంటనే 1867లో కూలీల మీద కొత్త చట్టం వచ్చింది. ఐదేళ్ళ ఒప్పందం పూర్తి చేసుకున్నవాడైనా సరే, ఫొటో అంటించిన పాసు దగ్గర లేకుండా రోడ్డు మీద కనిపిస్తే పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు. దాని మీద 1871లో 9,401 మంది పాత కూలీల పేరుతో గవర్నరుకి అర్జీ వెళ్ళింది, ఆ తర్వాత బ్రిటన్ నుంచి విచారణ కమిషన్ వచ్చింది. ఆ కమిషన్ రిపోర్టు తప్పకుండా చదవండి. పనికి ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్ళు, దాన్ని 'డబుల్ కట్' అనేవాళ్ళు. అదే 1889 కరువు తీసుకుంటే, 1892 ఏప్రిల్ 29న పోర్ట్ లూయీని కూల్చేసిన తుఫాను మీ అప్పన్న కళ్ళముందే వస్తుంది. నన్నడిగితే నేను 1866 తీసుకుంటాను. కానీ నవల మీది.

ఇక అసలు అప్పన్న దొరుకుతాడా అన్న ఆశ. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వలస కూలీల రిజిస్టర్లు అక్కడే దాచారు. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఓడ, ఎత్తు, ఒంటి మీది మచ్చలు రాసుకున్నారు. 1860ల తర్వాత వచ్చినవాళ్ళలో కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. నేరుగా వెళ్ళి తలుపు తడితే కుదరదు. ఎవరు, ఎందుకు, ఏ కాలం రికార్డులు కావాలో వివరంగా రాసి, రెండు మూడు నెలల ముందే అనుమతి అడగండి. కానీ మీ ఉత్తరాంధ్రలో అప్పన్న అన్న పేరు ఎంతమందికి ఉంటుందో మీకే తెలుసు. పైగా తెలుగు పేర్లని పరాయి గుమస్తాలు చెవికి వినపడినట్టు రాశారు. ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది. తండ్రి పేరు, ఊరి పేరు లేకుండా మనిషిని పట్టుకోవడం దాదాపు కాని పని. ప్రయాణమంతా ఆ ఒక్క పేరుకి ముడిపెట్టకండి. అప్పన్న కనపడకపోయినా, అప్పన్న ఎక్కిన మెట్లు కనపడతాయి.

మీరు ఎప్పుడూ ఒంటరిగా తిరగలేదన్నారు కాబట్టి నేరుగా మారిషస్‌తో మొదలుపెట్టకండి. మీ రికార్డులు మద్రాసు ప్రెసిడెన్సీవి, చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాల్సినవి ఉంటాయి. అక్కడా ముందే అనుమతి తీసుకుని, శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కి, నాలుగు రోజులు ఒక్కరే లాడ్జిలో ఉండి రండి. భాష రాని ఊళ్ళో బస్సు అడిగి ఎక్కడం, ఒక్కరే టేబుల్ దగ్గర కూర్చుని భోంచేయడం, రాత్రి గది తలుపు గడియ వేసుకుని నిద్రపోవడం, వీటికి అలవాటు పడాలి. ధైర్యం మాటకేం, అది తర్వాత దానంతటదే వస్తుంది.

మీకు కుదిరేది వేసవి సెలవులే కాబట్టి మే ఇరవై ప్రాంతంలో బయల్దేరి బడి తెరిచేలోపు వచ్చేయండి. ఇది నిజానికి చాలా మంచి కాలం. అక్కడ రుతువులు మనకి తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాళ్ళకి ఎండలు, తుఫాన్లు. మేలో చలి మొదలవుతుంది. చెరుకు నిలువెత్తున ఎదిగి వెన్నులు వేసి ఉంటుంది. కోత జూన్‌లో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. అంటే మీకు నిలబడ్డ తోటా కనపడుతుంది, అదృష్టం బాగుంటే మొదటి కోతలూ కనపడతాయి. స్వెటర్ పట్టుకెళ్ళండి. సముద్రం పక్కన వెచ్చగానే ఉంటుంది గాని, క్యూర్‌పీప్ లాంటి ఎత్తు ఊళ్ళలో సన్నటి వాన, చలి వదలవు.

మనవాళ్ళకి టూరిస్టు వీసా దిగాక అక్కడే ఇస్తారు. తిరుగు టికెట్టు, ఉండబోయే చోటు, ఖర్చులకి డబ్బు ఉన్నట్టు కాగితం చూపించమంటారు. నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనే ముందు మరోసారి చూసుకోండి. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రల విషయంలో అక్కడ చాలా కఠినంగా ఉంటారు. వాడే మందులుంటే డాక్టరు చీటీ తప్పనిసరిగా దగ్గర పెట్టుకోండి. పోలీసులకి 999, అంబులెన్సుకి 114.

బీచ్ పక్కన హోటళ్ళు చూసి మోజు పడకండి. మీకు కావలసినవాళ్ళు అక్కడ ఉండరు. క్వాత్ర్ బోర్న్ గాని, రోజ్ హిల్ గాని మధ్యలో ఉంటాయి. అక్కడ ఏదైనా కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగితే ఇంటివాళ్ళే మీకు మొదటి పరిచయస్థులవుతారు. పోర్ట్ లూయీకి మెట్రో రైలు ఉంది, మిగతా చోట్లకి బస్సులు. మొత్తం దీవి పొడవు 65 కిలోమీటర్లే, మీ టెక్కలి నుంచి విశాఖ అంత దూరం కూడా లేదు. ఎక్కడికి వెళ్ళినా రాత్రికి గదికి చేరిపోవచ్చు.

అలా అనే నేనొక రాత్రి ఇరుక్కుపోయాను. దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో తెలుగువాళ్ళ గుడిలో రామభజన అంటే సాయంత్రం వెళ్ళాను. దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడే భజన అది, పెద్దవాళ్ళు మొదలుపెడితే తెల్లారేదాకా నడుస్తుంది. ఊళ్ళకి వెళ్ళే బస్సులు చీకటి పడ్డాక ఉండవని నాకు చెప్పినవాళ్ళు చెప్పారు, నేనే పట్టించుకోలేదు. ఏడున్నరకి బయటికొస్తే రోడ్డు ఖాళీ, రెండు పక్కలా చెరుకు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవచ్చింది. అప్పుడు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. వెనక్కి గుడిలోకే పోయి, భజనలో ఉన్న ఒక పెద్దావిడకి సంగతి చెప్పాను. వాళ్ళ కోడలు కారులో దింపింది. అప్పట్నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరునే అడిగేదాన్ని. రోజూ రాత్రి ఎనిమిదికి ఇంటికి మెసేజ్ పెట్టేదాన్ని. మనకంటే వాళ్ళు గంటన్నర వెనక, కాబట్టి మీవారికి తొమ్మిదిన్నర అవుతుంది, పెద్ద ఇబ్బంది ఉండదు. మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆయనకి రాసిచ్చి వెళ్ళండి. గెస్ట్‌హౌస్ నంబరు, పోర్ట్ లూయీలో మన హైకమిషన్ నంబరు చాలు.

భాష గురించి అంత బెంగ వద్దు. ఇంట్లో, బజార్లో అందరూ మాట్లాడేది క్రెయోల్. పేపర్లు ఫ్రెంచిలో, ప్రభుత్వ కాగితాలు ఇంగ్లీషులో. మీ ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. కానీ నాలుగు క్రెయోల్ ముక్కలు నేర్చుకుని వెళ్ళండి. 'బొంజూర్' అనండి, 'కి మాన్యేర్' అంటే ఎలా ఉన్నారు, 'మో పా కొంప్రాన్' అంటే నాకు అర్థం కాలేదు. ఈ మూడోది నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఆ మాట అనగానే మనిషి నెమ్మదించి, చేత్తో చూపించి చెప్తాడు. మనకి కావలసింది అదే కదా.

అక్కడ బళ్ళలో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది, ఉగాదికి దేశమంతా సెలవు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మారిషస్ ఆంధ్ర మహాసభకి ముందే ఒక ఉత్తరం రాయండి. తెలుగు టీచర్‌నని రాయండి, అది మీకున్న పెద్ద పరిచయ పత్రం. అయితే అందరూ మీతో తెలుగులో మాట్లాడేస్తారని మాత్రం అనుకోకండి. చాలా ఇళ్ళలో తెలుగు దేవుడి దగ్గరే మిగిలింది. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, పాటంతా తెలుగులో పాడతారు, అర్థం అడిగితే నవ్వేస్తారు. మీ అప్పన్నకి ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసిన మీకు ఆ పూజ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు నేను బాధపడే సంగతి ఒకటి చెప్తాను. ఒక ముసలావిడ, ఎనభై దాటిన మనిషి, వాళ్ళ తాత కూలీగా వచ్చినవాడు. ఎవరో పంపిస్తే ఆవిడ ఇంటికి వెళ్ళాను. వరండాలో పీట మీద కూర్చుని మునగాకు దూస్తోంది. దాన్ని వాళ్ళు 'బ్రెద్ మురుం' అంటారు. నేను నమస్కారం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఫోన్‌లో రికార్డర్ నొక్కి ఆవిడ ముందు పెట్టేశాను. అడగనన్నా అడగలేదు. ఆవిడ ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది. అరగంటలో ఆవిడ అన్నది అవును, కాదు, తెలియదు. బయటికొచ్చాక నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ బతుకుని నేను సరుకులాగా చూశాను, ఆవిడకది తెలిసిపోయింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి, క్షమించమని మనవరాలితో చెప్పించాను. ఫోన్ సంచిలో పెట్టేసి, పక్కన కూర్చుని నేనూ ఆకు దూశాను. ఏమీ అడగలేదు. మూడు రోజులు అలాగే వెళ్ళాను. నాలుగో రోజు ఆవిడ చేతిలో పళ్ళెం జారి గచ్చు మీద పడింది. 'ఓలమ్మో' అంది. క్రెయోల్ తప్ప మాట్లాడని మనిషి. ఆ మాట మా అమ్మమ్మ నోట విన్న మాట, మీ ఊళ్ళో ఇప్పుడు కూడా రోజుకి పదిసార్లు వినపడే మాట. నేను తిరిగి 'ఓలమ్మో' అన్నాను. ఆవిడ చేయి ఆపి నన్ను చూసి, మనవరాల్ని పిలిచి ఏదో చెప్పింది. 'ఈ మాట మా నాయనమ్మది అనుకున్నాను, మీక్కూడా ఉందా అని అడుగుతోంది' అంది ఆ పిల్ల. ఆ తర్వాత రెండు గంటలు ఆవిడే చెప్పింది. నా నవలలో మూడు అధ్యాయాలు ఆ వరండాలోంచి వచ్చాయి. రాసేముందు ఆవిడని అడిగాను, పేరూ ఊరూ మార్చాను, అచ్చయ్యాక ప్రతి పంపాను. మీరు ఈ మూడూ చేయండి.

ఇలాంటివి మూడు వారాల్లో జరగాలంటే రోజులు ఖాళీగా ఉండాలి. ఉదయం ఒక పని పెట్టుకోండి, మధ్యాహ్నం వదిలేయండి. నేను ఒక మధ్యాహ్నం ఏ పనీ లేక చెరుకు తోటల గట్ల మీద నడుస్తుంటే నల్లరాళ్ళ గుట్టలు కనపడ్డాయి. అక్కడక్కడా తోట మధ్యలో ఇంటి ఎత్తున పేర్చి ఉంటాయి. అగ్నిపర్వతం పుట్టించిన దీవి కదా, నేలంతా రాయి. ఆ రాయి ఏరితే గాని చెరుకు నాటడానికి లేదు, ఏరినవి చేతులే. ఒకటి ఎత్తి చూశాను. చూడటానికి చిన్నది, కొబ్బరికాయంత, కానీ బరువు. పైనంతా సన్న బెజ్జాలు, గరుకు. పది అడుగులు మోసి దింపేసరికి అరిచేయి గీరుకుపోయి ఎర్రబడింది. అప్పటిదాకా నేను రాసిన 80 పేజీల్లో నా కథలో మనిషి అరిచేతుల గురించి ఒక్క వాక్యం లేదు. కొరడా దెబ్బల గురించి రాశాను, జీతం గురించి రాశాను, చేతుల గురించి రాయలేదు. ఆ రాత్రి మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టాను.

ఆప్రవాసీ ఘాట్ దగ్గర ఒక పూట కాదు, కనీసం మూడు పూటలు కూర్చోండి. అప్పన్న ఎక్కిన మెట్లు అన్నానే, అవి ఇక్కడివే. కూలీల డిపో, 1849లో కట్టడం మొదలుపెట్టారు, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇంచుమించు ఐదు లక్షల మంది ఇండియా నుంచి వచ్చిన రేవు అని చదువుకుని పెద్ద కోటలాంటిది ఊహించుకుని వెళ్ళాను. ఇప్పుడు మిగిలింది మన లెక్కలో 40 సెంట్ల స్థలం. పక్కనే హైవే, లారీల మోత. నాకు మొదట నిరాశ కలిగింది. రెండోరోజు పొద్దున్నే, జనం లేనప్పుడు, ఆ రాతి మెట్ల ఎదురుగా కూర్చుంటే అర్థమైంది. ఇంత ఇరుకులో వందల మంది, భాషలు తెలియని మనుషులు, వారాల తరబడి సముద్రం మీద ఊగి వచ్చిన కాళ్ళు, కింద కదలని నేల. మీ 121వ పేజీ అక్కడ మొదలవుతుందని నాకనిపిస్తోంది.

రోజూ రాత్రి పడుకునే ముందు రాయండి. ఫొటోలున్నాయి కదా అని వదిలేయకండి. ఫొటోలో వాసన ఉండదు, ఎంతసేపు నడిచారో ఉండదు, ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడారో ఉండదు. నాలుగో రోజో ఐదో రోజో పెద్ద ఏడుపు వస్తుంది. ఎందుకొచ్చానురా, ఇంట్లో పిల్లలు ఏం తింటున్నారో అనిపిస్తుంది. నాకూ వచ్చింది. ఆ రోజు పని మానేసి, బజారుకి పోయి వేడివేడి ధాల్ పూరీ తిని, గదికొచ్చి పడుకున్నాను. ఆ పూరీ లోపల శనగపప్పు పొడి, మన బొబ్బట్టుకి బెల్లం లేని అక్కలా ఉంటుంది. పొద్దున లేచేసరికి బెంగ సగం తగ్గింది. ఆ ఏడుపుని కూడా రాసుకోండి, అప్పన్నకి పనికొస్తుంది.

ఏమీ దొరక్కపోతే అన్నారు. మీరు రిజిస్టర్లో పేరు కోసమే వెళ్తే దొరక్కపోవచ్చు. ఆ గాలి, ఆ రాయి, ఆ మాటల కోసం వెళ్తే వట్టి చేతులతో రారు. అప్పు చేసి మాత్రం వెళ్ళకండి. అప్పు తీర్చాలన్న తొందరలో నవల పాడవుతుంది. ఈ వేసవికి డబ్బు సరిపోకపోతే వచ్చే వేసవికి వెళ్ళండి, నూట యాభై ఏళ్ళు ఆగిన అప్పన్న ఇంకో ఏడాది ఆగుతాడు.

మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడది భయం, మీ మీద ప్రేమతో వచ్చిన భయం. ఆవిడకి అమ్మోరు పాటలు, సింహాద్రి అప్పన్న పాటలు వచ్చా? వస్తే ఆవిడని అడిగి, ఆవిడ గొంతులోనే ఫోన్‌లో రికార్డు చేసి పట్టుకెళ్ళండి. అక్కడి పెద్దవాళ్ళకి ముందు అది వినిపించండి. వాళ్ళు పాడేవి రికార్డు చేసుకోవచ్చేమో తర్వాత అడగండి. ఒప్పుకుంటే తిరిగొచ్చాక ఆవిడకి వినిపించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి మర్చిపోయాను. మీరు ప్రభుత్వ టీచరు, విదేశం వెళ్ళాలంటే శాఖ అనుమతి కావాలి. ఆ ఫైలు కదలడానికి నెలలు పట్టొచ్చు. పాస్‌పోర్టు లేకపోతే అదీ ఉంది. మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు, ఈ రెండు దరఖాస్తులూ మాత్రం ఈ వారంలోనే పెట్టండి.